కలియుగాంతానికి కావలసిన సరంజామా

వ్యవస్థ కుప్పకూలబోతోందని ఈమధ్య ఎవరిని కదిపినా అంటున్నారు కాబట్టి, ఇంటిని ముందే ఎలా సిద్ధం చేసుకోవాలో నాలుగు ముక్కలు చెబుదామని కూర్చున్నాను. నాకున్న అర్హతలు రెండు. 2012లో మాయా క్యాలెండరుతో పాటు లోకమూ అయిపోతుందన్నప్పటి నుంచీ నేను ప్రళయానికి సామాను కొంటూనే ఉన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ సామానుతో సహా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తులో ఉన్నాను.

వ్యవస్థ కూలింది అని ఎప్పుడు అనుకోవాలో ముందు తేల్చుకోండి. ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క. మా ఇంట్లో పనమ్మాయి చెప్పాపెట్టకుండా మానేసిన రెండో రోజుకి కూలుతుంది. పాలపాకెట్టు రాకపోతే సగం కూలినట్టు. లిఫ్టు ఆగితే పై అంతస్తులవాళ్ళకి మాత్రమే కూలినట్టు, కింద ఇంటివాళ్ళు నింపాదిగా కాఫీ తాగుతుంటారు. పెద్దవాళ్ళని అడగక్కర్లేదు. ఏది కూలినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటారు. ఏ పేజీలో చెప్పారని అడిగితే టీవీ సౌండు పెంచుతారు.

ప్రళయం ఎప్పుడొస్తుందో తెలియక పై దేశాలవాళ్ళు పాపం ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంటారు. మనకా బెంగ లేదు. మన దగ్గర అది రాత్రి ఎనిమిదింటికి వస్తుంది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయన్న కబురూ, 2020 మార్చి 24న దేశమంతా లాక్‌డౌన్ అన్న కబురూ ఎనిమిదింటికే చెప్పారు, రెండూ అర్ధరాత్రి నుంచి అమల్లోకి వచ్చాయి. కనుక ఏడున్నరకల్లా కూరలు కొనేసి, ఏటీఎంకి వెళ్ళొచ్చి, టీవీ ముందు కూర్చోండి. ఎనిమిదిన్నర దాకా ఎవరూ ఏమీ అనకపోతే ఆ పూటకి గండం గడిచినట్టే, కంచాలు పెట్టుకోవచ్చు.

ఆపద్ధనం విషయంలో అనుభవజ్ఞుల మాట ఏమిటంటే, పెద్ద నోట్లుగా దాచాలి, ఎవరికీ తెలియని చోట దాచాలి. మా ఆవిడ ఈ రెండు సూత్రాలూ తు.చ. తప్పకుండా పాటించింది. దేశంలో చలామణీ అయ్యే సొమ్ము విలువలో 86 శాతం చెల్లదన్న ఆ రాత్రి, పోపుల డబ్బా కింది అర నుంచి తొమ్మిదిన్నర వేలు బయటికి తీసింది. ఇంగువ వాసన. పన్నెండేళ్ళ పొదుపు. నా జేబులోంచి పోయాయని నేను వేరేవాళ్ళని అనుమానించిన నోట్లు కూడా అందులో ఉన్నాయి. మర్నాడు కాక ఆ మర్నాడు బ్యాంకులో లెక్కపెట్టినాయన వేళ్ళు వాసన చూసుకుని, మా ఆవిడ వంక గౌరవంగా చూశాడు.

తిండిగింజల దగ్గర మనకి గురువులు అమెరికా తెలుగువాళ్ళు. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే అక్కడి ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి కోసం బారులు తీరారు. డాలస్‌లో ఉండే మా బావమరిది ఇరవై పౌండ్ల బస్తాలు పద్నాలుగు కొని గరాజులో పేర్చి, కారు ఎండలో పెట్టాడు. ఇంట్లో తినేది ఇద్దరు, అందులో ఒకరికి షుగరు. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారని చెబుదామని ఫోన్ చేస్తే, గరాజులో దుప్పటి పరిచి బియ్యం చెరుగుతున్నాడు.

"పురుగు పట్టింది బావా."

"వేపాకు వెయ్యకపోయావా?"

"డాలస్‌లో వేపచెట్టెక్కడ ఏడ్చింది బావా!"

దీనికి పూర్తిగా ఎదురు సంప్రదాయం మన పల్లెల్లోనే ఉంది. 1979లో అమెరికావాళ్ళ స్కైలాబ్ నెత్తిమీద పడుతుందన్నప్పుడు చాలా ఊళ్ళలో జనం దాచుకోవడం మానేసి, ఉన్నది తినేశారు. డెబ్బై ఏడు టన్నుల ఇనుము మీద పడుతుంటే కోళ్ళగంప ఎవరి కోసం? మేకలు కోశారు, అప్పులు తెచ్చి మరీ తిన్నారు, వడ్డీ ఎంతని అడగలేదు. మా పెదనాన్న పెళ్ళికని దాచిన నెయ్యి తీసి ఊరందరికీ వడ్డించాడట. జూలై 11న ఆ స్కైలాబ్ కాస్తా హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా ముక్కలై రాలింది. మా ఊళ్ళో చెత్త పారబోశారని అక్కడివాళ్ళు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. మన కోళ్ళకి మాత్రం ఎవరూ బిల్లు పంపలేదు. తెల్లారి పెదనాన్న గుమ్మంలో అప్పులవాడు కూర్చున్నాడు. వ్యవస్థ కూలనందుకు అంత ఏడ్చిన మనిషిని మా వంశంలో మళ్ళీ చూడలేదని మా నాన్న చెప్పేవాడు.

భూగృహం కట్టుకోవాలని కొందరికి కోరిక. స్విట్జర్లాండ్‌లో 1963 నుంచీ దానికి చట్టమే ఉంది, దేశంలో అందరికీ సరిపడా తవ్వేశారు. మనకీ సెల్లార్లున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో మొదట మునిగినవి నేలమట్టంలో ఉన్నవే. ఈ అంశం ఇంతటితో సరి.

ఇక అసలైన సరంజామా. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టెలో దిక్సూచి, ఈల, మడత రంపం, గీస్తే నిప్పురవ్వలు రాలే కడ్డీ ఉన్నాయి. ఇన్వర్టర్ ఉంది, బ్యాటరీ 150 ఆంపియర్ అవర్లది. పన్నెండు వోల్టులతో హెచ్చవేస్తే 1800 వాట్ అవర్లు, రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ రాత్రంతా నడుస్తాయని కాగితం మీద తేల్చి ఫ్రిజ్‌కి అంటించాను. డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలన్న సంగతి ఆ కాగితం మీద లేదు. ఇండక్షన్ స్టౌ వచ్చాక, ఇంకెందుకని రెండో గ్యాస్ సిలిండర్ వెనక్కిచ్చేశాను. మీరూ ఇదే క్రమంలో చెయ్యండి.

ఇంకో ముఖ్య సూత్రం. వాచ్‌మన్ పేరు తెలుసుకోకండి. మేం వాచ్‌మన్‌ని వాచ్‌మన్ అనీ, వాళ్ళావిణ్ణి వాచ్‌మన్ భార్య అనీ అనేవాళ్ళం. గజపతినగరం వైపువాళ్ళు. మెట్ల కింద గది. ఆ గది పక్కన ఎండు కొబ్బరి మట్టలు పోగేసుకుంటున్నారని, చూడ్డానికి అసహ్యంగా ఉందని అసోసియేషన్ అప్పటికి రెండుసార్లు హెచ్చరించింది.

హుద్‌హుద్ వచ్చిన ఆ ఆదివారం గాలి మొదలైంది. గంటకి 180 కిలోమీటర్లంటే ఏమిటో చెప్పలేను. కిటికీ అద్దం లోపలికి ఊపిరి పీల్చినట్టు వంగి, ఒకసారి నిట్టూర్చి, హాల్లోకి వచ్చేసింది. మధ్యలో గాలి టక్కున ఆగింది. అయిపోయిందనుకుని అందరం సెల్‌ఫోన్లతో ఫొటోలు తియ్యడానికి దిగాం. "లోనికెల్లిపోండి బాబూ, మల్లీ అటేపు నుంచొస్తాది" అని వాచ్‌మన్ అరిచాడు. మెట్లెక్కేలోపే ఎదుటి దిక్కు నుంచి వచ్చింది.

కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. ఇన్వర్టర్ రాత్రి పదింటికి కీచుమని పోయింది. రెండో రోజుకి పైన ట్యాంకు ఖాళీ. పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళివ్వాలని సర్కారు లెక్క, మేం దానికి తక్కువ వాడిన పాపాన పోలేదు. కింద సంపు నిండా నీళ్ళున్నాయి, తోడే మోటారు చచ్చిపోయింది. ఇరవై ఫ్లాట్లలో ఇంజనీర్లే ఆరుగురు. సంపు మూత చుట్టూ నిలబడి జనరేటరు గురించి చర్చించాం. వాచ్‌మన్ మూత లేపి, తాడు కట్టిన బకెట్ వేశాడు. బకెట్‌కి ఇరవై రూపాయలని మేమే ధర కట్టాం. నాలుగో అంతస్తుకైనా అదే ధర.

నాలుగో రోజున గ్యాస్ అయిపోయింది. ఊరంతా చెట్లు పడి ఉన్నాయి కదా, కట్టెలకేం తక్కువని నేను పార్కింగులో గోడవార మూడు ఇటుకలు పెట్టి, పెట్టెలోని కడ్డీ తీశాను. పిల్లలు చుట్టూ చేరారు. గీశాను. రవ్వలు బ్రహ్మాండంగా రాలాయి. పచ్చికొమ్మ నుంచి పొగైనా రాలేదు. పావుగంట గీశాక వాచ్‌మన్ భార్య మట్టల కట్ట తెచ్చి పక్కన పడేసింది.

"అగ్గిపెట్టి నేదా బాబూ?"

ఆ పొయ్యి మీద ఐదు రోజులు ఇరవై ఇళ్ళ అన్నం ఉడికింది. ఆవిడ గిన్నె ఎప్పుడూ చివర పెట్టేది. ఈల వాళ్ళబ్బాయి పట్టుకుపోయాడు, దిక్సూచి కూడా. సముద్రం ఎటుందో వాడికి అదివరకే తెలుసు.

తొమ్మిదో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. అరుపులు, చప్పట్లు. పావుగంటలో పార్కింగులో వేసుకున్న కుర్చీలు ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు, తలుపులు పడ్డాయి, ఏసీలు మోగాయి.

చివరి సూచన, మినిట్స్ పుస్తకం ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. తరవాతి ఆదివారమే సమావేశమైంది. మొదటి అంశం, పార్కింగులో గోడకి పొయ్యి మసి పట్టింది, మనిషిని పెట్టి సున్నం వేయించాలి, ఖర్చు ఎవరి పద్దులో రాయాలో తరవాత చూద్దాం. రెండో అంశం, మెట్ల పక్కన ఇంకా మిగిలిన మట్టలు వారం లోపు తీయించాలి, ఇది మూడో హెచ్చరిక. అందరూ సంతకాలు పెట్టారు. నాది ఏడోది, నీలం ఇంకుతో ఉంటుంది.