తెరిచేదీ తానే, మూసేదీ తానే

తన కథ చెప్పమంటే డబుల్ కోట్ ఆస్కీ పట్టికలోని 34వ నంబరుతో మొదలుపెడుతుంది. అచ్చు పుస్తకాల్లో దాని బంధువులు జంటగా ఉంటాయి: తెరిచే గుర్తు ఒకటి, మూసే గుర్తు మరొకటి. తనకు మాత్రం రెంటికీ ఒకటే రూపం. విండోస్ కమాండ్లను వరసగా రాసిపెట్టే బ్యాచ్ ఫైళ్లలో తాను పడ్డ పాట్లకు మూలం అదేనంటుంది.

ఎంఎస్-డాస్ కాలంలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అప్పుడు తనకు పెద్దగా పని ఉండేది కాదు. విండోస్ 95తో పొడవాటి పేర్లు, వాటి మధ్య ఖాళీలు ఇంటింటికీ వచ్చాయి. ఖాళీ కనబడిన చోట కమాండ్ ప్రాంప్ట్ మాటను తెంపి మొదటి ముక్కను బ్యాచ్ ఫైలులోని %1కి, తర్వాతిదాన్ని %2కి ఇస్తుంది. అలా తెగకుండా పట్టి ఉంచే పని తన మీద పడింది.

ఆ పని బాగానే చేసింది, కోట్ లోపల మరో కోట్ పెట్టనంతవరకు.

"రాముడు "సరే వెళ్దాం" అన్నాడు" అని పంపి చూడండి. మన కంటికి బయట ఒక జత, లోపల ఒక జత. కమాండ్ ప్రాంప్ట్‌కు జతలు తెలియవు. కోట్ ఎదురైన ప్రతిసారీ లోపల ఉన్నది బయటికి, బయట ఉన్నది లోపలికి మారుతుందంతే. అందుకే 'సరే' దగ్గర మాట తెగి, 'వెళ్దాం' %2లో పడుతుంది. ఆ బయటపడ్డ చోట & గుర్తు ఉంటే ఇంకా ప్రమాదం: దాని తర్వాతి మాట వేరే కమాండుగా నడుస్తుంది.

ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోదా? చాలా ప్రోగ్రాములు \" ను మామూలు అక్షరంగా చదువుతాయి, కమాండ్ ప్రాంప్ట్ చదవదు. విండోస్‌లో ప్రోగ్రాముకు అందేది ఒకే పొడవాటి వాక్యం, దాన్ని ముక్కలు చేసుకోవడం ఎవరి పద్ధతి వారిది. ఫైళ్లను కాపీ చేసే రోబోకాపీ ప్రోగ్రాముకు "డి:\పెళ్లి ఫోటోలు\" అని ఇస్తే చివరి బ్యాక్‌స్లాష్ మూసే కోట్‌ను మింగేసి, వెనకున్న గమ్యం పేరును కూడా దారిలో కలిపేస్తుంది.

ఇది చిన్న చిరాకు కాదు. బ్యాచ్ ఫైలును నడిపేటప్పుడు ఆర్గ్యుమెంట్లను సరిగా కాపాడలేని లోపం రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో బయటపడగా, 2024 ఏప్రిల్‌లో 1.77.2 వెర్షన్‌తో సరిదిద్దారు. ఆ లోపం తీవ్రత 10కి 10.

బ్యాచ్ ఫైలు రాసేవారికి డబుల్ కోట్ విన్నపం ఒకటే. %~1 బయటి జతను తీసేస్తుంది, కాబట్టి ఎప్పుడూ "%~1" అనే రాయండి. లోపల కోట్లు తప్పనిసరైతే ఆ మాటను ఒక ఫైల్లో పెట్టి, ఫైలు పేరు మాత్రమే పంపండి.