ప్రసారాధికారి గారికి చంపాపేట్ నుంచి ఒక విన్నపం

అయ్యా,

ఏ ఆట తెర మీదికి రావాలో, ఏది రాకూడదో తేల్చే పెద్దలు మీరు. మీ గది ఎక్కడుందో, తలుపు మీద ఏ పేరుందో మాకు తెలీదు. అందుకే నలుగురికీ కనిపించేలా రాస్తున్నాం.

ముందు ధన్యవాదాలు చెప్పుకోవాలి. 2025 డిసెంబర్ 13న మెస్సీ మన ఊరొచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు బంతి తన్నడాన్ని మా చాయ్ హోటల్ టీవీలో తిప్పి తిప్పి చూశాం. మీ కెమెరాలు ఫుట్‌బాల్ చూపించగలవని ఆ రోజే తెలిసింది. అంతవరకూ వాటి కంటికి అంత పెద్ద బంతి ఆనదేమో అనుకున్నాం.

మా గోడు ప్రమోషన్ గురించి. అజీజ్‌నగర్‌లో దక్కన్ అరీనా ఉంది, శ్రీనిధి దక్కన్ జట్టు సొంత మైదానం. చంపాపేట్ నుంచి పోవాలంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాటాలి. పనిరోజుల్లో అయ్యే పని కాదు, టీవీయే దిక్కు. 2022-23 నుంచి రెండో శ్రేణి ఐ-లీగ్ విజేతకి పై శ్రేణి ఇండియన్ సూపర్ లీగ్‌లోకి దారి తెరిచారు. రెండో స్థానానికి మాత్రం ఏమీ లేదు. ఆ ఏడాది రౌండ్‌గ్లాస్ పంజాబ్ పైకి పోయింది, శ్రీనిధిది రెండో స్థానం. మరుసటి ఏడాది మొహమెడన్ స్పోర్టింగ్ పోయింది, శ్రీనిధి మళ్లీ రెండోదే. వరసగా రెండుసార్లు గడప దాకా వెళ్లి ఆగిపోయిందండీ మన జట్టు! అదే క్రికెట్ అయ్యుంటే నలుగురు పెద్దమనుషులు నాలుగు పెట్టెల్లో కూర్చుని అర్ధరాత్రి దాకా అరుచుకునేవారు. కోచ్‌ని తీసెయ్యాలా వద్దా అని ఎస్సెమ్మెస్సులు అడిగేవారు. మాకు మనసారా తిట్టుకునే భాగ్యం కూడా లేకపోయింది.

"ఎవరు చూస్తారండీ?" అంటారు మీరు. మేం చూశాం. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సూపర్ లీగ్ సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ హైదరాబాద్‌లో అడుగు పెట్టకుండానే చాంపియన్ అయింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్. స్టేడియం నిండా కేరళ బ్లాస్టర్స్ వాళ్ల పసుపు చొక్కాలే. మనవాళ్లు ఒక గోల్ వెనకబడ్డారు, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ జట్టుకీ మాకూ మధ్య ఉన్న చుట్టరికమంతా టీవీ వల్లే. అదీ నిలవలేదు. 2025లో జట్టు ఢిల్లీకి పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ప్రమోషన్ కోసం ఎదురుచూసే గుమాస్తాకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతిలో పెట్టినట్టయింది మా ఊరి పని.

రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ సంగతి ఎత్తను. 2024 ఫైనల్ మన గచ్చిబౌలిలోనే పెట్టారు, బెంగాల్ చివరి నిమిషాల్లో గోల్ కొట్టి కేరళని 1-0తో ఓడించింది. కానీ అది డిసెంబర్ 31 రాత్రి. డ్రంక్ అండ్ డ్రైవ్ పరీక్షల దగ్గర మీ కెమెరాలకి డ్యూటీ ఉంటుంది, అర్థం చేసుకోగలం.

మన ఊరి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే రహీం సాబ్ కాలంలో ఈ బాధ లేదు. ఆయన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. అప్పట్లో ఇంటింటా టీవీ లేదు కాబట్టి ఎవర్నీ తిట్టక్కర్లేకపోయింది. అదే రహీం సాబ్ మన తెర మీదికి రావాలంటే మాత్రం 2024లో అజయ్ దేవగణ్ సినిమాలో ఆయన వేషం కట్టాల్సొచ్చింది.

మేం పెద్దగా అడగడం లేదు. తెలుగు వ్యాఖ్యానం, స్టూడియోలో విశ్లేషకులు, గీతలు గీసే స్క్రీను, అవన్నీ క్రికెట్‌కే ఉంచుకోండి. మన జట్టు ఆడిన రోజు కింద పరిగెత్తే స్క్రోలింగ్‌లో ఒక్క లైను వెయ్యండి: ఎవరితో ఆడారు, ఎన్ని గోల్స్, పట్టికలో ఎన్నో స్థానం. బంగారం ధర తర్వాత వేసినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
రిమోట్ చేతిలో లేని చంపాపేట్ ఫుట్‌బాల్ అభిమానులు