తైలం దొరకలేదు

ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. మా నాన్న గృహవైద్యం మీద రాసుకున్న నోట్సును ఇరవై ఏళ్ల కిందట మా వీధిలో డీటీపీ చేసే అక్క టైపు చేసిపెట్టింది. ఆ కాలపు ఫాంటు లేకుండా తెరిస్తే ఆ ఫైలంతా ఇంగ్లిషు అక్షరాల కంగాళీ. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలని నేనే ఒక కన్వర్టరు రాశాను. పాత ఫాంటులోని ఒక్కో ముక్కకూ సరిపోయే యూనికోడ్ సంఖ్య వెతికి జత చేస్తూ నాలుగు రాత్రులు కూర్చున్నాను. తెర మీద నాన్న మాటలు ముత్యాల్లా వరస కట్టాయి. ఇక నా కాళ్లు నేల మీద లేవు.

అసలే నాకు ఈ విద్యలో గర్వం ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను తిప్పలు పెట్టింది, గుర్తుందా? జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక విడదీత సంకేతం, దీర్ఘం. ఆ వరస వస్తే చాలు, యాప్‌లు మూతపడేవి. అప్పుడు చుట్టాలందరినీ కూర్చోబెట్టి, ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు సంకేతాలు అని పాఠం చెప్పినవాణ్ని. అంత తెలిసినవాడి పనిలో తప్పెలా ఉంటుంది?

ఫైల్లో ‘తైలం’ అని వెతికాను. సున్నా. తైలాల గురించి నాన్న పేజీలకు పేజీలు రాశారు. ఇంకేముంది, అక్క ఎగ్గొట్టేసింది! పేజీలు తిప్పలేదు, నోట్సు తీయలేదు, ఫోను తీశాను. డబ్బులు తీసుకుని పని మధ్యలో వదిలేశారన్నాను. చనిపోయిన మనిషికి ఇదేనా మర్యాద అన్నాను. ‘అక్కా’ అని ఒక్కసారి కూడా అనలేదు. ఆమె అంతా విని, “పన్నెండో ప్రకరణం చూడు తమ్ముడూ, ఉండాలి” అని పెట్టేసింది.

చూశాను. ఉంది. పేజీ నిండా తైలమే.

ఆ మాట పక్కనే నేనూ ‘తైలం’ అని కొట్టాను. వెంట్రుకంత తేడా లేదు. నా ‘తై’ తర్వాత బ్యాక్‌స్పేస్ నొక్కితే ‘త’ మిగిలింది. ఫైల్లో ఉన్న ‘తై’ తర్వాత నొక్కితే కింది కొక్కెం ఒక్కటే పోయి ‘తె’ మిగిలింది. నా గుండె జారిపోయింది. యూనికోడ్‌లో ఐత్వానికి 0సి48 అని ఒకే సంఖ్య ఉంది. ఎత్వం 0సి46, కింది కొక్కెం 0సి56 విడివిడిగానూ ఉన్నాయి. పాత ఫాంటులో ఐత్వం రెండు ముక్కలు కాబట్టి నా కన్వర్టరు రెండు సంఖ్యలు పెట్టేసింది. చూపుకు రెండూ ఒకటే, నా వెతుకులాటకు వేరు. ఈ రెండు రూపాలూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతోంది, కలిపే పద్ధతీ ఇచ్చింది. నార్మలైజేషన్ అంటారు. ప్రోగ్రాములో ఒక్క లైను. నేను ఆ పేజీ చదవలేదు.

నాన్న నోట్సు పేరులోనే ‘వైద్యం’ ఉంది. ఫోను తీసేముందు దాన్ని వెతికినా అదీ దొరికేది కాదు, నా తప్పు అక్కడే తేలేది. కోపంలో మనకు అంత ఓపిక ఎక్కడిది చెప్పండి?

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లి, తప్పు నాదని చెప్పి, తెర చూపించాను. తనే ఓసారి బ్యాక్‌స్పేస్ నొక్కి, మిగిలిన ‘తె’ వైపు చూసింది.

“అప్పట్లో ఐత్వానికి రెండు కీలు కొట్టేవాళ్లం తమ్ముడూ. అడిగితే చెప్పేదాన్నిగా.”