గల్ఫ్ వీసా తేటగీతి: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

పాసుపోర్టున్నవానికి బాట మూడు:
కంపెనీ వీస యొక్కటి గట్టిదనగ,
స్వేచ్ఛ యను పేర నాజాదు చెల్లుచుండు,
విజిటు మూడవ దటకేగి వెదకికొనుట.

అవతారిక

ఈ తేటగీతి కర్త ఎవరో తెలియదు. ఏజెంటని కొందరు, ఏజెంటు చేతిలో మోసపోయినవాడని కొందరు. పద్యంలో ఎక్కడా ధర మాట లేదు కనుక ఏజెంటే అయివుంటాడని నా పక్షం. జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు, సిరిసిల్ల వైపు పుట్టిందన్న విషయంలో మాత్రం వివాదం లేదు. వీసాలో ఇన్ని జాతులున్నాయన్న ఎరుక అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా ఉంటుంది.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. అధికారి: చేతిలో పని ఉన్నవాడు. వెల్డరు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, స్టీల్ ఫిక్సర్, షట్టరింగ్ కార్పెంటర్, ఎవరైనా సరే. విషయం: వీసా. ప్రయోజనం: ఇంటికి స్లాబు, చెల్లె పెండ్లి, ఎండిపోయిన బోర్లకు చేసిన అప్పు. సంబంధం: బావమరిది దమ్మామ్‌లో ఉండటం.

టీక

పాసుపోర్టున్నవానికి = పాస్‌పోర్టు కలిగినవానికి. ఇందులో 'ఉన్న' శబ్దం సాభిప్రాయం. పాస్‌పోర్టు తన దగ్గరే ఉన్నవాడని కవి భావం. అది ఏజెంటు బీరువాలో ఉన్నవాడికి బాటలు మూడుండవు, ఏజెంటు చూపిన ఒక్కటే ఉంటుంది.

పాస్‌పోర్టులోనూ రెండు జాతులున్నాయి. పదో తరగతి పాసు కానివాడిది ఈసీఆర్. అంటే 1983 నాటి వలస చట్టం కింద, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోయేముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తెచ్చుకోవాలి. అతని కాంట్రాక్టు సర్కారు వలస పోర్టల్ అయిన ఈ-మైగ్రేట్‌లో ఎక్కాలి. పది పాసైనవాడికి ఆ గొడవా లేదు, ఆ కాపలా కూడా లేదు. పరీక్ష తప్పినవాడి వెంట సర్కారు మనిషిని నిలబెట్టే సందర్భం మరొకటి నాకు తెలియదు. ఈ అనుమతినే అడ్డంకిగా చూపించి, 'అదేం లేకుండా పంపిస్త' అనేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాడు పంపే బాట పద్యం నాలుగో పాదంలో వస్తుంది.

కంపెనీ వీస = సంస్థ పేరున వచ్చే పని వీసా; గట్టిదనగ = గట్టిదని చెప్పుకోగా. కవి 'గట్టిది' అని ఊరుకోలేదు, 'అనగ' చేర్చాడు. గట్టితనం లోకప్రసిద్ధమే గాని, తాను పూచీ పడనని తప్పుకున్నాడన్నమాట. నిజానికి ఈ బాటలో అన్నీ సక్రమంగా కనిపిస్తాయి. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు ఉంటాడు. ట్రేడ్ టెస్టు ఉంటుంది: వెల్డరు పైపు ముక్కను 6జీ పొజిషన్‌లో అంటించి చూపాలి, దాన్ని కోసి చూసేవాడు చూస్తాడు. సౌదీకైతే 2021లో మొదలైన నైపుణ్య పరీక్ష వేరే ఉంది. మెడికల్ ఉంటుంది. ఇంగ్లిషులో ఆఫర్ లెటర్ ఉంటుంది. ఇంతచేసి అసలు సంగతి వీసా కాగితంలో ఒక చిన్న గడిలో, అరబీలో ఉంటుంది.

ఆ కాగితాన్ని దగ్గరగా చూద్దాం. పైన ఫొటో, దాని పక్కన పాస్‌పోర్టు నంబరు, కింద స్పాన్సర్ పేరు, ఆ వరసలోనే వృత్తి. జిరాక్సు మీద జిరాక్సు తీసి అక్షరాలు చీమల్లా నలిగి ఉంటాయి. మన వెల్డరు దాన్ని మడత విప్పి, మసీదు గల్లీలో ఉండే ఉర్దూ మాస్టారి ముందు పెట్టాడు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దాకా తెచ్చుకుని చదివాడు. 'బేటా, ఇండ్ల లహ్హామ్ లేదు. లహ్హామ్ అంటే వెల్డర్. ఇది ఆమిల్. కూలీ.' 'ఏజెంటు అంతా ఒక్కటేనన్నడు మాస్టర్ సాబ్.' 'ఆయనకు ఒక్కటే బేటా. పొయ్యేది నువ్వు గద.'

ఒక్కటి కాదు. ఆ గడిలో ఉన్నదే రేపు అకామాలో, అంటే అక్కడి నివాస పర్మిట్టులో, ఎక్కుతుంది. జీతం తగాదా వస్తే లేబర్ కోర్టు చూసేది ఆ వృత్తినే గాని చేతిలో ఉన్న విద్యను కాదు. అక్కడ 'ఆమిల్ మన్జిలి' అని ఉంటే సంగతి ఇంకా లోతుకు పోతుంది. అది ఇంటిపని వీసా, కార్మిక చట్టం పరిధిలోకే రాదు. సౌదీ 2021 మార్చి 14 నుంచి, ఏడాది పని చేసినవాడు యజమాని ఒప్పుకోకున్నా నోటీసిచ్చి కొత్త కంపెనీకి మారవచ్చని సంస్కరణ తెచ్చింది. మంచిదే. అయితే ఇంటిపనివాడు, ఇంటి డ్రైవరు, తోటమాలి, ఇంటి కాపలాదారు, గొర్రెల కాపరి ఈ ఐదుగురికీ అది వర్తించదని అందులోనే రాశారు. వెల్డరు తెలిసో తెలియకో గొర్రెల కాపరి వీసా మీద దిగితే, కాగితం మీద గొర్రెల కాపరే.

స్వేచ్ఛ యను పేరన్ = స్వాతంత్ర్యం అనే పేరుతో; ఆజాదు = ఆజాద్ వీసా, ఫ్రీ వీసా అని నామాంతరం; చెల్లుచుండు = చలామణి అవుతూ ఉండును. ఈ పాదమే పద్యానికి ప్రాణం. టీకాకారులు ఇక్కడ మూడు రోజులు ఆగుతారు.

పూర్వపక్షం ఇలా ఉంటుంది. 'మామా, కంపెనీల కట్టేసినట్టు రెండేండ్లు ఒక్క జీతమేనాయె. ఆజాద్ అయితే యాడ పైసలెక్కువుంటే ఆడ చేస్కోవచ్చట.' 'చేస్కోవచ్చు బిడ్డా. పోలీసోడు గూడ యాడ దొరికితే ఆడ పట్టుకుంటడు.'

సిద్ధాంతం: ఆజాద్ వీసా అని ఏ దేశపు చట్టంలోనూ ఒక వీసా లేదు. ఉన్నది మామూలు పని వీసాయే. ఒక కఫీల్, అంటే స్పాన్సర్, తన పేరున వీసా తీయించి, దాన్ని అమ్ముకుని, కార్మికుణ్ణి ఊరి మీదికి వదులుతాడు. తన కార్మికుణ్ణి పరాయి యజమాని దగ్గర పనికి వదలడం, కార్మికుడు సొంతంగా పని చేసుకోవడం రెండూ సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణం ప్రకారం నేరాలే. కనుక ఈ స్వేచ్ఛ మొదటిరోజు నుంచే చట్టవిరుద్ధం. ఫ్రీ అన్నది ధరకూ వర్తించదు. వీసాకు లక్షలు ఇవ్వాలి, ఏటా అకామా రెన్యువల్ ఖర్చు కూడా తనే పెట్టుకోవాలి. సౌదీలో విదేశీయులు ఎక్కువగా ఉన్న కంపెనీలు 2020 నుంచి తలకు నెలకు 800 రియాళ్ల లెవీ కట్టాలి, ఏడాదికి 9,600. చట్టం దాన్ని యజమాని నెత్తిన పెట్టింది. ఆజాద్‌లో అది వెల్డరు నెత్తికే వస్తుంది, కఫీల్ కమీషనుతో కలిపి.

శంక: ఇంత చెడ్డదైతే జనం ఎందుకు పోతున్నారు? సమాధానం: కొందరికి కలిసి వచ్చింది గనుక. నాలుగు సైట్ల మీద రోజుకూలికి వెల్డింగ్ చేసి, కంపెనీ వీసావాడు పంపేదానికి రెండింతలు పంపినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల ఇళ్లకు గ్రానైటు ఉంటుంది, ఊరంతా చూస్తుంది. కఫీల్‌తో మాట తేడా వచ్చి 'హురూబ్' పెట్టించుకున్నవాడి ఇంటికి గ్రానైటు ఉండదు, ఆ గోడను ఎవరూ చూడరు. హురూబ్ అంటే పారిపోయాడని కఫీల్ ఇచ్చే ఫిర్యాదు. అది పడ్డాక అకామా చెల్లదు, బ్యాంకు నడవదు, దవాఖానకు పోవాలంటే భయం. ఆ స్థితికి మనవాళ్లు పెట్టుకున్న పేరు ఖల్లివెల్లి. ఖల్లివెల్లి అయినవాడు ఇంటికి తిరిగిపోయే తాత్కాలిక ప్రయాణ కాగితమైన ఔట్‌పాస్ కోసం, క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తాడు. మొత్తం పద్యంలో 'స్వేచ్ఛ' ఒక్కటే అలంకారం. పొగుడుతున్నట్టు నిందించడం కనుక ఇది వ్యాజస్తుతి. ఏజెంటు నోటివెంట వస్తే మాత్రం స్వభావోక్తి.

విజిటు = సందర్శక వీసా; అటకేగి = అక్కడికి వెళ్లి; వెదకికొనుట = పని వెతుక్కోవడం. దీని మీద చెప్పవలసింది తక్కువ. దుబాయిలో విజిట్ మీద దిగి, ఉద్యోగం దొరికి, పద్ధతి ప్రకారం పని వీసాకు మారినవాళ్లు లేకపోలేదు. మార్చుకోకముందే పనిలో దిగితేనే చిక్కు. పర్మిట్ లేనివాణ్ణి పనిలో పెట్టుకున్న యజమానికి యూఏఈ 2024లో జరిమానాను లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా పెంచింది. అందువల్ల పెట్టుకునేవాడు తనిఖీ వచ్చినప్పుడు నిన్ను మొదట వెనక గుమ్మం నుంచి పంపిస్తాడు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు. ఈసీఆర్ వాడిని అనుమతి లేకుండా 'టూరిస్టు' అని విమానం ఎక్కించేది ఈ బాటలోనే. చేతిలో వెల్డింగ్ హెల్మెట్ పెట్టుకున్న టూరిస్టును ఇమిగ్రేషన్ కౌంటర్లో ఊహించుకోండి.

తాత్పర్యం

పాస్‌పోర్టు ఉన్నవానికి మూడు బాటలు కలవు. పేరు ఎంత స్వేచ్ఛగా వినపడితే వెనకాల చట్టం అంత దూరంగా ఉండును. వీసా జాతికన్నా దాని మీది వృత్తి గడి ముఖ్యము. ఆ గడిలో ఉన్న పని, చేతిలో ఉన్న పని, జీతమిచ్చేవాని పేరు మూడూ ఒక్కటైన వీసా కంపెనీది, కాని వీసా ఏ పేరుతో పిలిచినా ఆజాదే.

పాఠాంతరం

'బాట మూడు' అన్నచోట 'బాట నాల్గు' అని కొన్ని ప్రతుల్లో ఉంది. గణం చెడదు, యతి చెడదు. నాలుగోది ఆస్ట్రేలియా బాట అని నవీనుల వ్యాఖ్య. అక్కడ వెల్డరు, ఎలక్ట్రీషియన్ వంటి వృత్తులు వలస జాబితాల్లోకి ఎక్కుతుంటాయి. ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా పని అనుభవాన్ని కాగితాలతో తూస్తుంది, ఇంగ్లిషు పరీక్ష ఉంటుంది, పాయింట్ల దారిలో పిలుపు వచ్చేనాటికి 45 ఏళ్లు నిండకూడదు. పెండ్లాం పిల్లలతో స్థిరపడే బాట అది. పదిహేనేళ్లు పని చేసీ ఒక్క జీతం రసీదు దాచుకోని మన మేస్త్రీకి ఆ బాట మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కనుక మూలపాఠంగా 'మూడు'నే స్వీకరించాను. కొడుకు ఐటీఐ చేస్తూ, పే స్లిప్పులు ఫైలు చేసుకుంటుంటే 'నాల్గు' చదువుకోవచ్చు.

దోష విచారం

పద్యంలో యతులన్నీ కుదిరాయి. పాసుకు బాట, స్వేచ్ఛకు చెల్లు చక్కగా పడ్డాయి. ఉన్న దోషం న్యూనపదత్వం: ఖర్చు చెప్పలేదు. పూరిస్తాను. లైసెన్సున్న ఏజెంటు మన చట్టం ప్రకారం తీసుకోదగిన సేవారుసుం 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఈసీఆర్ వాడు తప్పక చేయించుకోవలసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. చావో అంగవైకల్యమో వస్తే పది లక్షలు. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అని ఒక రిక్రూటింగ్ సంస్థ ఉంది. యూఏఈ చట్టమైతే రిక్రూట్‌మెంట్ ఖర్చు మొత్తం యజమానిదేనంటుంది. ఈ అంకెలు విన్న ఏ ఊరి సబ్ ఏజెంటైనా మొదట నవ్వుతాడు. ఆ నవ్వు ఖరీదు ఒకటిన్నర లక్ష నుంచి మొదలవుతుంది, రసీదు ఇవ్వరు. సబ్ ఏజెంటు అన్న పదవి చట్టంలో లేదు కనుక రసీదు మీద ఏం రాయాలో పాపం వాళ్లకూ తెలియదు.

ఫలశ్రుతి

చాలా ప్రతుల్లో లేదు. ఉన్న ఒకే ఒక్క ప్రతిలో పద్యం కింద ఒక ఫోన్ నంబరు రాసి ఉంది. పరిశోధన నిమిత్తం చేసి చూశాను, స్విచాఫ్.