పికప్ ట్రక్కులో హామ్ రేడియో ప్రతిష్ఠ

పికప్ ట్రక్కులో హామ్ రేడియో బిగించడానికి కావలసినవి మూడు: ట్రాన్సీవర్, యాంటెనా, ట్రక్కు. మొదటి రెండూ హామ్ తన డబ్బుతో, తన పూచీ మీద కొనుక్కుంటాడు. మూడోది ఇంటిల్లిపాదిదీ. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. ట్రాన్సీవర్ అంటే మాట పంపడం, అందుకోవడం రెండూ చేసే పెట్టె. యాంటెనా అంటే ఆ మాటను గాలిలోకి వదిలే కడ్డీ. ఇక్కడ ట్రక్కు అంటే మన ఊళ్లలో కోళ్ల బోనులు, సిమెంటు బస్తాలు మోసే పికప్ అనుకోకూడదు. అమెరికాలో అది ఆఫీసుకూ, బడికీ, కూరగాయలకూ వెళ్లే సొంత బండి. వెనక తొట్టి ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. ఖాళీ తొట్టి కనిపిస్తే హామ్ చెయ్యి ఊరుకోదు.

హామ్ అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్న మనిషి. అమెరికాలో ఈ లైసెన్సు ఇచ్చేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. తొలి మెట్టయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలుంటాయి. 26 సరిగ్గా రాస్తే పదేళ్ల లైసెన్సు చేతికొస్తుంది. మోర్స్ కోడ్ పరీక్షను 2007లో పూర్తిగా ఎత్తేశారు. దేశంలో లైసెన్సుదారులు ఏడు లక్షల పైచిలుకు. వీరిలో చాలామందికి ఇంటి మీద యాంటెనా నిలబెట్టుకునే యోగం లేదు. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊళ్లలో చాలా కాలనీ సంఘాలు గడ్డి ఎత్తు నుంచి కంచె రంగు దాకా అన్నీ శాసిస్తాయి. పెరట్లో స్తంభం లేచిందంటే ఉత్తరం రావడం ఖాయం. ట్రక్కు నెత్తిన ఏముందో అడిగే తీరిక మాత్రం సంఘానికి అంతగా ఉండదు. అందుకని ఇంటి మీద తీరని ముచ్చట బండి మీద తీర్చుకుంటారు.

రేడియోలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది ఊరికీ పొరుగూరికీ సరిపోయేది: 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ వరకు ఉండే రెండు మీటర్ల బ్యాండు, 420 నుంచి 450 వరకు ఉండే డెబ్బై సెంటీమీటర్ల బ్యాండు, శక్తి సుమారు 50 వాట్లు. అందిన మాటను మళ్లీ బలంగా పంపే రిపీటర్ కొండ మీదో ఎత్తైన భవనం మీదో ఉంటే ఇదే రేడియోతో యాభై మైళ్ల అవతలివాళ్లనూ పలకరించవచ్చు. రెండోది హెచ్‌ఎఫ్, అంటే హై ఫ్రీక్వెన్సీ రకం. 100 వాట్లతో, అయనోస్ఫియర్ కరుణిస్తే, ఖండాలు దాటుతుంది. మొదటి రకమే చాలని హామ్ ఇంట్లో చెబుతాడు. తీగలు మాత్రం రెండోదానికీ పనికొచ్చే లావువి తెప్పిస్తాడు.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్ ఉండగా బ్యాటరీ దాకా పోవడమెందుకని అడిగేవాళ్లుంటారు. ఆ సాకెట్ ఫోను చార్జింగుకు చాలు. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు పైనే లాగుతుంది, 100 వాట్లది ఇరవై దాటుతుంది. పైగా సాకెట్ వెనక తీగ సన్నం. పది గేజి రాగి తీగకు అడుక్కి ఓమ్‌లో వెయ్యో వంతు నిరోధం ఉంటుంది. బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా పదిహేను అడుగులు, రానుపోను ముప్పై. 22 ఆంపియర్లు లాగితే అంత లావు తీగలోనే 0.66 వోల్టు దారి ఖర్చులకు పోతుంది. సన్న తీగయితే రేడియో మాట మధ్యలో గుటుక్కుమంటుంది.

ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. అది కాపాడేది ముందు తీగను, తద్వారా ట్రక్కును. రేడియో సంగతి తర్వాత. కొత్త బళ్లలో చాలావాటికి నెగటివ్ కొస దగ్గర బ్యాటరీ కరెంటు రాకపోకలను కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. నెగటివ్ తీగను ఆ సెన్సర్ కళ్లుగప్పి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే లెక్క తేడా వస్తుంది. బ్యాటరీ ఎర్తు తీగ బండి బాడీతో కలిసేచోట తగిలించడం పద్ధతి.

ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఫైర్‌వాల్ అనే రేకు గోడ ఉంటుంది. తీగ దీన్ని దాటాలి. గోడకు ఎక్కడో ఒకచోట రబ్బరు గ్రామెట్ ఉంటుంది. కంపెనీవాళ్ల తీగల కట్ట అందులోంచే వెళ్తుంది. ఇంజను వైపు నుంచి ఆ గ్రామెట్ కనిపిస్తుంది గాని చెయ్యి అందదు. క్యాబిన్ వైపు నుంచి చెయ్యి అందుతుంది గాని కనిపించదు. ఈ పనికి శాస్త్రోక్తమైన భంగిమ ఒకటుంది: తల పెడళ్ల దగ్గర, నడుము తలుపు గడప మీద, కాళ్లు డ్రైవేలో, పళ్ల మధ్య టార్చిలైటు. బట్టల హ్యాంగరును తిన్నగా సాగదీసి, దాని కొసకు తీగను టేపుతో చుట్టి, గ్రామెట్‌కు చిన్న గాటు పెట్టి పొడుస్తారు. మొదటి పోటు గోడ వెనక పరచిన దూదిలోకి పోతుంది. రెండో పోటు ఎటు పోయిందో అంతుచిక్కదు. మూడోది కంటికి రెండంగుళాల దూరంలో బయటికొస్తుంది. ఆ సంతోషంలో తల పైకెత్తకూడదు. అందరూ ఎత్తుతారు.

ఈమధ్య రేడియోల్లో చాలావాటికి మొహం ఊడి వస్తుంది. మొండెం వెనక సీటు కింద ఉంటుంది, మీటలున్న మొహం డ్రైవరు ముందు ఉంటుంది, మధ్యలో సన్నటి కేబుల్. మొండేనికి గాలి ఆడాలి. మొహానికి చోటు కావాలి. అమెరికా ట్రక్కులో మనుషుల కంటే కప్పు హోల్డర్లు ఎక్కువ. అయినా అందులో ఒక్కటి రేడియోకి అడిగితే ఇంట్లో ఎవరిదో ఒకరి కాఫీకి భంగం కలుగుతుంది. విండ్‌షీల్డు పక్కనుండే స్తంభాల్లోనూ, తలుపుల మీది అంచులోనూ ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంటాయి. వాటికి అడ్డంగా కేబుల్ పాకించకూడదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకునే వేగానికి హామ్ రేడియో మీద గౌరవం ఉండదు.

ఇక యాంటెనా. అసలు వ్యాపారం ఇదే. మోటారు బండికి వాడే సామాన్యమైన యాంటెనా పావు తరంగం పొడవుంటుంది. రెండు మీటర్ల బ్యాండులో అది దాదాపు 49 సెంటీమీటర్లు. ఆ కడ్డీ యాంటెనాలో సగమే. తక్కిన సగం దాని కింద ఉండే లోహపు తలం, అంటే ట్రక్కు కప్పు. కడ్డీకి చుట్టూ సమానంగా రేకు ఉంటే మాట అన్ని దిక్కులకూ సమానంగా వెళ్తుంది. కాబట్టి కడ్డీకి తగిన చోటు కప్పు నడిమధ్య. అక్కడ నిలబెట్టాలంటే కన్నం వెయ్యాలి. నలభై, యాభై వేల డాలర్ల బండి కప్పుకు కన్నం అనగానే ధైర్యస్థులు కూడా వేరే ఉపాయాలు వెతుకుతారు.

వాటిలో మొదటిది అయస్కాంతం. యాంటెనా అడుగున బలమైన అయస్కాంతం ఉంటుంది. కప్పు మీద పెడితే అతుక్కుంటుంది. కప్పు ఉక్కుదైతేనే. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియంతో వస్తోంది. రేడియో దృష్టిలో అల్యూమినియం చక్కటి లోహం, అయస్కాంతం దృష్టిలో చెక్కతో సమానం. టొయోటా టకోమా కప్పు ఉక్కుదే గాని 2005 నుంచి వెనక తొట్టిని ప్లాస్టిక్ మిశ్రమంతో చేస్తున్నారు. అక్కడ అయస్కాంతమూ నిలవదు, యాంటెనాకు కావలసిన రెండో సగమూ దొరకదు. రెండో ఉపాయం బానెట్ అంచుకు బిగించే క్లాంపు. ఇందులో ట్రక్కు క్యాబిన్ ఒక వైపు అడ్డం వస్తుంది. మూడోది తొట్టి అంచున ఉండే మేకు గుంతల్లో బ్రాకెట్ దించడం. అప్పుడు అడ్డం ఇంకో వైపు వస్తుంది. ఈ మూడూ వరసగా కొని, వరసగా విప్పేసి, చివరికి డ్రిల్లు చేతబట్టడం హామ్‌ల సంప్రదాయం.

కన్నం వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. ఎన్‌ఎంఓ అనే ప్రామాణిక బిగింపుకు అదే కొలత. ముందు లోపలి దీపం విప్పి, ఆ సందులోంచి చెయ్యి పెట్టి, పైన కమ్మీలు ఎక్కడున్నాయో తడిమి చూసుకోవాలి. కమ్మీ మీద డ్రిల్లు దిగితే సరిదిద్దుకోవడం కుదరదు. కప్పు మీద మాస్కింగ్ టేపు అడ్డంగా, నిలువుగా అంటించి పెన్సిలుతో గుర్తు పెట్టాలి. మళ్లీ కొలవాలి. గుర్తు మొదటి గుర్తుకు పావు అంగుళం పక్కన పడుతుంది. మూడోసారి కొలిస్తే ఆ రెంటికీ మధ్యన పడుతుంది. ఇలాంటప్పుడే ఇంట్లోంచి ఇల్లాలు బయటికొచ్చి, “ఏమండీ, కొత్త బండికి కన్నమేంటండీ?” అంటుంది. “నీళ్లు కారవులే” అన్నది ఇలాంటి సందర్భాల్లో స్థిరపడిన జవాబు. ప్రశ్నకూ జవాబుకూ సంబంధం లేకపోవడాన్ని ఆవిడ గమనిస్తుంది. డ్రిల్లు తిరగడం ముప్పై సెకన్ల పని. తర్వాత ఇనుపరజను తుడిచి, అంచుకు రంగు పూసి, రబ్బరు వలయానికి గ్రీజు రాసి, బిగింపు తిప్పాలి. నిజంగానే నీళ్లు కారవు.

హెచ్‌ఎఫ్ రేడియోది వేరే లోకం. 40 మీటర్ల బ్యాండులో పావు తరంగం పది మీటర్లు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి ఎత్తు పదమూడున్నర అడుగులు దాటకూడదు. కాబట్టి కడ్డీని పొట్టి చేసి, పోయిన పొడవుకు బదులు మధ్యలో లావుపాటి తీగచుట్ట పెడతారు. బ్యాండు మారినప్పుడల్లా చుట్టను పెంచడానికీ తగ్గించడానికీ మోటారు ఉంటుంది. తొలినాళ్లలో బ్యాటరీ స్క్రూడ్రైవరు మోటారునే ఇందుకు వాడారు. ఇంత చేసినా 80 మీటర్ల బ్యాండులో రేడియో ఇచ్చిన 100 వాట్లలో గాలిలోకి వెళ్లేది నాలుగైదు వాట్లే కావచ్చు. మిగిలింది తీగచుట్టనూ, బండి కింది నేలనూ వెచ్చచేయడానికి పోతుంది. ఆ నాలుగు వాట్లతోనే వేరే ఖండంలో మనిషి జవాబిస్తే, హామ్ అది తన ప్రజ్ఞ అనుకుంటాడు.

ట్రక్కు చూడటానికి ఒకే లోహపు ముద్దలా కనిపిస్తుంది. క్యాబిన్ వేరు, తొట్టి వేరు, ఛాసిస్ వేరు. మధ్యన రబ్బరు దిమ్మలు. తలుపులు, బానెట్ కీళ్ల మీద వేలాడుతుంటాయి. సైలెన్సర్ గొట్టం రబ్బరు పట్టీల మీద ఊగుతుంటుంది. హెచ్‌ఎఫ్‌లో ఇవన్నీ విద్యుత్తు లెక్కలో ఉమ్మడి కుటుంబంగా బతకాలి. అందుకని అల్లిన రాగి పట్టీలతో ఒక్కొక్క భాగాన్నీ పక్కదానికి కలుపుతారు. రాగి నేరుగా అల్యూమినియానికి తగిలితే తడికి తినేస్తుంది కనుక తగరం పూత ఉన్న పట్టీలు వాడాలి.

కొలత చివరి ఘట్టం. యాంటెనాకు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె ఎస్‌డబ్ల్యుఆర్. ఒకటికి ఒకటైతే ఏమీ తిరిగిరాదు. రెండైతే నూటికి 11 పాళ్లు, మూడైతే 25 పాళ్లు తిరిగొస్తాయి. అప్పటికే రేడియో భయపడి శక్తి తగ్గించుకుంటుంది. ఒకటిన్నర వస్తే చాలు. హామ్ చాలనుకోడు. కడ్డీని మిల్లీమీటరు కత్తిరిస్తాడు, మళ్లీ కొలుస్తాడు, మళ్లీ కత్తిరిస్తాడు. కత్తిరించినది అతకదు కనుక కొత్త కడ్డీ కొంటాడు. ఇందులో ఒక తిరకాసుంది. పొట్టి హెచ్‌ఎఫ్ కడ్డీ నిరోధం సహజంగా రేడియో కోరే యాభై ఓమ్‌ల కంటే చాలా తక్కువ. ఏ సర్దుబాటూ లేకుండా అంకె ఒకటికి ఒకటి వచ్చిందంటే, ఎర్తు సరిగా లేక శక్తి వృథా అవుతోందని అర్థం. అంకె మరీ బాగుంటే అనుమానించాల్సిన రంగం ఇదొక్కటే కాదు గాని, ఇక్కడ అనుమానం లెక్కతో రుజువవుతుంది.

ఇంజను స్టార్టు చేశాక రేడియోలో కూత వినిపిస్తుంది. వేగంతోపాటు శ్రుతి పెరిగితే ఆల్టర్నేటర్. తాళం తిప్పగానే గుయ్యిమంటే పెట్రోలు పంపు. వీటికి విరుగుడు తీగల మీద నొక్కి మూసే ఫెర్రైట్ ముక్కలు. ఎదురు దిశలోనూ గొడవ రావచ్చు: హామ్ మైకు బటను నొక్కగానే కొన్ని బళ్లలో డ్యాష్‌బోర్డు మీద సంబంధం లేని దీపం వెలుగుతుంది. దీనికీ ఫెర్రైటే మందు.

అన్నీ కుదిరాక ఎత్తు గుర్తుకొస్తుంది. అమెరికాలో మామూలు గ్యారేజీ తలుపు ఏడడుగులు. ట్రక్కు ఆరడుగుల పైన, దాని మీద అడుగున్నర కడ్డీ. స్ప్రింగున్న అడుగుభాగమో, మడిచే కీలో తగిలించకపోతే గ్యారేజీలోకి వెళ్లిన ప్రతిసారీ కడ్డీ తలుపును మీటుతుంది.

వాడకం నియమాలు తేలిక. మాట్లాడుతున్నంతసేపూ పది నిమిషాలకోసారి, ముగించేటప్పుడు ఒకసారి తన కాల్‌సైన్ చెప్పాలి. వ్యాపారం మాట్లాడకూడదు. రిపీటర్ లేకుండా పిలవడానికి దేశమంతటా 146.52 మెగాహెర్ట్జ్. జవాబిచ్చిన పెద్దమనిషి మొదట సిగ్నల్ ఎలా ఉందో చెబుతాడు, తర్వాత ఊరు అడుగుతాడు, ఆ తర్వాత యాంటెనా ఎక్కడ బిగించారని అడుగుతాడు. అక్కడి నుంచి సంభాషణ వేరే విషయం మీదికి మళ్లిన సందర్భాలు అరుదు. 144.39లో బండి ఎక్కడుందో దానంతటదే పంపే ఏర్పాటూ ఉంది. అది ఇంటర్నెట్ పటంలో ఎవరికైనా కనిపిస్తుంది. పాలకని బయల్దేరిన ట్రక్కు రేడియో దుకాణం ముందు గంటసేపు ఆగితే ఇంట్లోవాళ్లకూ కనిపిస్తుంది.

బండి అమ్మేటప్పుడు రేడియో, తీగలు, పట్టీలు విప్పి తీసుకోవచ్చు. కన్నం మాత్రం బండితోనే పోతుంది. దాని మీద బిగించడానికి చిన్న మూత దొరుకుతుంది. కొత్త ట్రక్కు ఎంపికలో మైలేజీ, రంగు, సీట్లు ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. షోరూములో సేల్స్‌మన్ ఆ వివరాలు చెబుతుండగా హామ్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి కప్పుకు ఆనించి చూస్తాడు.