లేపి పట్టవలెను: సటీకం, సతాత్పర్యం

అవతారిక

ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు మెతుకుసీమ పండితుడు కొలచల మల్లినాథసూరి. నేను ఆ ప్రతిజ్ఞ చెయ్యలేను. ఈ వ్యాఖ్య రాత్రి ఒంటిగంటకూ తెల్లవారుజామున నాలుగింటికీ మధ్య, ఎడమ భుజం మీద మనవరాల్ని వేసుకుని కుడిచేత్తో రాసింది. అక్కరలేనివి దొర్లుతాయి.

వ్యాఖ్యానించబోయే గ్రంథం డిశ్చార్జి కాగితం అడుగున రబ్బరు స్టాంపుతో కొట్టిన రెండు వాక్యాలు. గ్రంథకర్త ఎవరో తెలియదు. మా అమ్మాయికి తొలి కాన్పు, తెనాలిలో మా ఇంట్లోనే పురుడు. గ్రంథాన్ని నమ్మేది అమ్మాయి, నమ్మనిది అమ్మమ్మ. ఎవరి ముందు వాళ్లనే నమ్మేది నేను. అల్లుడు బెంగళూరు నుంచి ఫోనులో వింటూ ఉంటాడు.

మూలం

"శిశువునకు ప్రతి 2-3 గంటలకు తల్లిపాలు పట్టవలెను. నిద్రించుచున్నచో లేపి పట్టవలెను."

పాఠభేదాలు

స్టాంపు సిరా అలుక్కుపోయి 3 అంకె పొట్ట మూసుకుపోయింది. దాన్ని 8గా చదివి, "చూశారా, ఎనిమిది గంటలకోసారి చాలన్నారు" అంది మా ఆవిడ. అల్లుడు వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుని, పెద్దది చేసి చూసి, 3 అని తేల్చాడు. ఆవిడ వెంటనే రెండో పాఠం ఎత్తుకుంది. 'ప్రతి' అన్నమాట కాగితం అంచున సగమే పడింది, కాబట్టి అది లేనట్టే. అది లేకపోతే 'రెండు మూడు గంటలకు' అంటే మధ్యాహ్నం రెండింటికో మూడింటికో అని.

పరిష్కర్తగా నేను చేసింది చిన్న భాగాహారం. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పడాలని డాక్టరమ్మ నోటితో చెప్పింది. 24ని 8తో భాగిస్తే 3, 12తో భాగిస్తే 2. కనక 'ప్రతి 2-3' అన్నదే సాధుపాఠం.

ప్రతిపదార్థం

శిశువునకు = పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు ఉండి, మూడోనాడు ఇంటికొచ్చేసరికి 2 కిలోల 430కి దిగిన పిల్లకు. ఈ తగ్గుదల దోషం కాదు. మొదటి రోజుల్లో ఏ పిల్లయినా నూటికి ఏడు వంతుల దాకా తగ్గుతుంది. పది దాటితే కంగారు. రెండు వారాలు తిరిగేలోగా పుట్టినప్పటి బరువుకు రావాలి. గ్రంథమంతా ఈ 170 గ్రాముల చుట్టూ తిరుగుతుందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ప్రతి 2-3 గంటలకు = పాలు మొదలుపెట్టిన వేళ నుంచి మళ్లీ మొదలుపెట్టే వేళ వరకు. 'ముగించిన వేళ నుంచి' అని అన్వయించుకుంటే హాయిగా ఉంటుంది గానీ, తప్పు. ఒంటిగంటకు మొదలెడితే తాగడానికి నలభై నిమిషాలు. త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడానికి, గుడ్డ మార్చడానికి, మళ్లీ పడుకోబెట్టడానికి ఇరవై. రెండయింది. మూడింటికి మళ్లీ లేవాలి. తల్లికి మిగిలింది గంట, అదీ వెంటనే నిద్ర పడితే.

తల్లిపాలు = పసుప్పచ్చని ముర్రుపాలతో మొదలై, మూడు నాలుగు రోజులకు బాగా పడేవి. మొదటిరోజు చెంచాడు పడినా పిల్లకు చాలు, పొట్టే అంతది. తేనె, పంచదార నీళ్లు ఈ పదానికి అర్థాలు కావు. ఎదురింటి పెద్దమ్మగారు అవునన్నా కావు.

నిద్రించుచున్నచో = నిద్రపోతూ ఉంటే. చేదర్థకం కాబట్టి సందేహం ఉన్నట్టు కనిపిస్తుంది. రోజుకు పదహారు గంటలు పడుకునే ప్రాణి విషయంలో ఇందులో సందేహమేమీ లేదు.

లేపి = మేలుకొలిపి. ఎలాగన్నది 'ఉపచారాలు' దగ్గర చెబుతాను.

పట్టవలెను = తాగించాలి. ఎవరు? మూలం చెప్పదు. దీని సంగతి 'వ్యాకరణ విశేషం'లో.

పూర్వపక్షం

తిరుమలలో వినిపించే సుప్రభాతం కూర్చిన ఆచార్యుడికి 'ప్రతివాది భయంకరం' అని పేరు. మా ఇంట్లో ఆ బిరుదు మా ఆవిడది. ఆవిడ వాదం ఇది.

"నిద్రలోనే పిల్ల పెరుగుతుంది. కడుపు నిండింది గనకే పడుకుంది. ఆకలేస్తే అదే లేచి ఏడుస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా? ముగ్గుర్ని పెంచాను, ఒక్కళ్లనీ లేపి పాలివ్వలేదు. పడుకున్న పిల్లను లేపమని ఏ శాస్త్రంలో ఉందో చూపించండి."

చూపించాను. బాలకాండలో విశ్వామిత్రుడు తెల్లవారుజామున రాముణ్ణి లేపుతాడు. సుప్రభాతం మొదటి శ్లోకం అక్కడిదే. "రాముడికి పదహారేళ్లు నిండవస్తున్నాయి, మూడు రోజులు కాదు" అంది. పాలు పట్టడానికి లేపినట్టు చూపించమంది. ఆహారం కోసం లేపిన సందర్భం వెతికితే యుద్ధకాండలో దొరికింది. కుంభకర్ణుణ్ణి లేపేముందు తిండి రాశులు పోసి పెట్టుకుంటారు. ఈ ప్రమాణం చెప్పగానే వాదం ఆగిపోయింది. "బంగారంలాంటి పిల్లను కుంభకర్ణుడంటారా!" అని ఆవిడ లోపలికి వెళ్లింది. ఆ పూట కాఫీ రాలేదు.

ఖండనం

పూర్వపక్షంలో పొరపాటు 'కడుపు నిండింది గనకే పడుకుంది' అన్న అనుమానంలో ఉంది. అనుమానమంటే తర్కశాస్త్రంలో అనుమానం, ఇంట్లో నడిచేది కాదు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. నిద్ర ఉన్నచోటల్లా నిండిన కడుపు ఉండదు. పాలు చాలని పిల్ల కూడా పడుకుంటుంది. పైగా నెలలు నిండకుండా పుట్టినవాళ్లూ, బరువు తక్కువవాళ్లూ, కామెర్లు వచ్చినవాళ్లూ ఇంకా మొద్దుగా పడుకుంటారు.

కామెర్ల సంగతి కాస్త ఆగి చెప్పాలి. మా పిల్లకు మూడోనాటికి ముఖమంతా పచ్చబడింది. ఆ పసుపు రంగు పదార్థం బిలిరుబిన్ బయటికి పోయే దారి ముఖ్యంగా విరేచనం. పాలు తక్కువైతే విరేచనం తక్కువ. పేగుల్లో నిలిచిన పసుపు మళ్లీ రక్తంలో కలుస్తుంది. పసుపు పెరిగితే మగత, మగత పెరిగితే పాలు ఇంకా తక్కువ. తర్కంలో దీన్ని చక్రకదోషం అంటారు. ఎక్కడ మొదలైందో చెప్పలేం, దానంతట అది ఆగదు, ఎవరో ఒకరు మధ్యలో చెయ్యి పెట్టి తెంపాలి. తెంపే చోటే 'లేపి' అన్న రెండక్షరాలు. పసుపు మరీ పెరిగితే నీలిరంగు దీపాల కింద పడుకోబెడతారు. అక్కడా పాలు మానరు.

'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్న సామెత పెద్దవాళ్లది. ఈ వయసులో నిద్ర ఆకలిని కూడా ఎరుగదు.

ఇక 'ఆకలేస్తే ఏడుస్తుంది' అన్న మాట. ఏడుపు చివరి మాట. అంతకుముందే పిల్ల చాలా చెబుతుంది: పెదాలు చప్పరించడం, పిడికిలి నోట్లోకి తెచ్చుకోవడం, బుగ్గకు ఏది తగిలితే అటు నోరు తెరిచి తిరగడం. నా బనియనుకు కూడా తిరిగింది పాపం. ఏడుపు దాకా వస్తే ముందు ఓదార్చాలి, తర్వాతే పాలు.

సంప్రదాయ భేదం

గడియారం పట్టుకోవడం కొత్త కాదు. న్యూజీలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ పెట్టిన ట్రూబీ కింగ్ డాక్టరు నాలుగు గంటలకోసారే పాలివ్వాలనీ, రాత్రిపూట అసలు ఇవ్వకూడదనీ బోధించాడు. 1946లో అమెరికాలో బెంజమిన్ స్పాక్ పుస్తకం వచ్చాక ఆ పట్టు సడలింది. మన స్టాంపు కూడా గడియారం మతమే కదా అని పామరులు అనుకోవచ్చు. కాదు. కింగ్ గడియారం వేళ కాకముందు పాలివ్వకుండా ఆపడానికి. మనది వేళ దాటకుండా ఇవ్వడానికి. పిల్ల ముందే అడిగితే మన గడియారానికి అభ్యంతరం లేదు. రాత్రిపాలు మానడం తల్లికీ మంచిది కాదు. పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రివేళే ఎక్కువ. రాత్రి తాగిన పిల్లే మర్నాటి పాలకు చీటీ రాసుకుంటుంది.

ఉపచారాలు

నిద్ర రెండు విధాలు. చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడిపోతే గాఢనిద్ర, పదినిమిషాలు ఆగాలి. రెప్పల కింద కళ్లు కదులుతూ, పెదాల మీద నవ్వు వచ్చిపోతూ ఉంటే పల్చని నిద్ర. దేవుడితో మాట్లాడుతోంది, కదిలించకండి అంటుంది మా ఆవిడ. లేపాల్సింది సరిగ్గా అప్పుడే. దేవుడు ఏమీ అనుకోడు.

దేవుడికి పదహారు ఉపచారాలు, పిల్లకు ఐదు చాలు. ఒకటి, చుట్టిన గుడ్డ విప్పడం. రెండు, తడిగుడ్డ మార్చడం. మూడు, వీపు నిమరడం. నాలుగు, అరికాలు వేలితో రాయడం. ఐదు, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనేలా వెయ్యడం. ఈ ఐదోది ఫలించినట్టు మిగతా నాలుగూ ఫలించవు. చన్నీళ్లు చల్లడం, ముక్కు పిండడం అపచారాలు. తాగుతూ తాగుతూ నిద్రలోకి జారితే మళ్లీ నాలుగోదానికి వెళ్లాలి.

ఇక్కడ హాస్యం పక్కనపెట్టి ఒక మాట. ఎన్ని ఉపచారాలు చేసినా పిల్ల లేవకపోయినా, లేచినా నోరు పట్టకపోయినా, వ్యాఖ్యలు చదువుతూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వ్యాకరణ విశేషం

'లేపి' క్త్వార్థకం. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒకరే ఉండాలి. 'రాముడు అన్నం తిని బడికి వెళ్లాడు' అంటే తిన్నదీ వెళ్లిందీ రాముడే. ఆ లెక్కన లేపేదీ పట్టేదీ ఒక్కరే. పట్టగలిగింది తల్లి ఒక్కతే కనక లేపాల్సిందీ తల్లే. 1858 నాటి బాలవ్యాకరణం తీసి చూశాను. పేరులో బాల ఉంది గానీ బాలల పాల గురించి చిన్నయసూరి ఏమీ సెలవివ్వలేదు.

ఈ సూత్రం చెప్పుకుని మొదటి రెండు రాత్రులూ నేను పడుకున్నాను. రెండో రాత్రి మూడింటికి మెలకువ వచ్చి చూస్తే, అమ్మాయి మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక చేత్తో పిల్ల అరికాలు రాస్తోంది, కళ్లు మూసుకునే. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది. ఫోనులో అలారం మోగుతోంది. పిల్లా లేవలేదు, తల్లీ లేవలేదు.

పిల్లను లేపాలా వద్దా అని రెండు రోజులు శాస్త్రార్థం చేసిన మా ఇంట్లో, పిల్లను లేపేవాళ్లను ఎవరు లేపుతారని ఒక్కరం అడగలేదు. మూలంలో కర్త లోపించింది కదా, కనపడలేదు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమన్న సామెత ఎవరి గురించో కూడా అప్పుడే అర్థమైంది.

ఆ రాత్రి నుంచి క్త్వార్థకం విరిచేశాం. ఒకటి నుంచి నాలుగు ఉపచారాలు నావి. లేచిన పిల్లను అమ్మాయి ఒళ్లో పెట్టి, అప్పుడు ఆమెను లేపుతాను. త్రేన్పు మా ఆవిడది. "లేపడం మీ మతం, నాది కాదు" అంటూనే భుజాన వేసుకుంటుంది. శనివారం రాత్రి బస్సు దిగిన అల్లుడికి తడిగుడ్డలు అప్పగించాం. "రోజుకు ఆరు తగ్గకూడదు మావయ్యా" అని తనే లెక్కపెట్టి పంచాంగం మీద గీతలు గీశాడు. ఐదోరోజు దాటాక పాలు సరిపోతున్నాయనడానికి ఆ ఆరే సాక్ష్యం.

'లేపి'కి ఒక కర్త, 'పట్టవలెను'కి ఇంకొకరు. వ్యాకరణ దోషమే. ఇంటికి బాగుంది.

తాత్పర్యం

పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా లేపాలి. వచ్చి, పెరుగుతూ ఉంటే, డాక్టరు సరేనన్నాక రాత్రి నిద్రకు అడ్డు రానక్కర్లేదు. నెల తక్కువ పిల్లలకూ, కామెర్లున్న పిల్లలకూ ఈ గడువు ఇంకొంచెం పొడుగు. అంటే అమ్మాయి మతం నిజం, అమ్మమ్మ మతం కూడా నిజం. అమ్మమ్మది పదిహేను రోజులు ముందొచ్చింది.

ఫలశ్రుతి

ఏడోనాడు ఆశా కార్యకర్త వచ్చి, పిల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి కొక్కేనికి వేలాడదీసి తూచింది: 2 కిలోల 490. పద్నాలుగోనాడు మళ్లీ వచ్చింది. ముల్లు ఆగేదాకా మా ఆవిడ ఊపిరి బిగబట్టింది. 2 కిలోల 670. "ఇంక రాత్రి పడుకోనివ్వొచ్చా?" అని ఆ సాయంత్రమే డాక్టరమ్మను అడిగాం. సరేనంది.

ఆ రాత్రి అలారం పెట్టలేదు. ఒంటిగంట, రెండు, మూడు దాటాయి. నాలుగు కావస్తుండగా చీకట్లో ముందు చప్పరింత వినిపించింది, తర్వాత చిన్న మూలుగు, తర్వాత ఇల్లంతా లేచే ఏడుపు. అందరికన్నా ముందు లేచింది మా ఆవిడే. నన్ను దాటుకుంటూ వెళుతూ అంది:

"అడిగింది."