మధ్యలోనే వెనక్కి తిరగండి

ఎక్కడిదాకా వెళ్ళాలనుకుని బయలుదేరారో అక్కడిదాకా వెళ్ళకండి. గ్రాండ్ కాన్యన్‌కో, యూటాలోని ఎర్రరాతి లోయలకో ఒక్కరే కారేసుకుని పోయేవాళ్ళు అడిగితే నా మొదటి సలహా ఇదే. సెలవు పెట్టి, డబ్బు పోసి, అంత దూరం పోయాక సగంలో తిరిగి రమ్మనడం ఏం సలహా అని మొహం చిట్లిస్తారు. చిట్లించినా ఇదే చెప్తాను.

అలిపిరి మెట్ల దారిలో ఓపిక ఉండగానే ఎక్కుడు అయిపోతుంది, దిగడానికి బస్సుంది. కాన్యన్‌లో అంతా తారుమారు. దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత, బస్సు లేదు. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మొదలయ్యే సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. పొద్దున్నే చల్లటి గాలికి కాళ్ళు వాటంతటవే దిగిపోతుంటాయి. మైలున్నర దగ్గర ఒక రెస్ట్‌హౌస్, మూడు మైళ్ళ దగ్గర ఇంకొకటి. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి 2,000 అడుగుల పైనే దిగిపోయి ఉంటారు, అలసట మాత్రం తెలియదు. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. వేసవిలో లోయ అడుగున 40 డిగ్రీలు దాటడం మామూలే. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు లెక్కేసుకోవాలి. నది దాకా పోయి అదే రోజు పైకి రావద్దని పార్కువాళ్ళు బోర్డులు పెట్టి మరీ చెప్తున్నారు. తెచ్చుకున్న నీళ్ళలో మూడో వంతు అయిపోయిందా, నది కనబడుతున్నా సరే, తిరిగి నడక మొదలుపెట్టండి.

రెండో సలహా: నీళ్ళొక్కటే నమ్ముకోకండి. పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు. బ్యాగు దించి చూస్తే వీపు మీద, పట్టీలు ఒరుసుకున్న చోట తెల్లటి చారలు కట్టి ఉంటాయి. గోటితో గీకితే రాలే ఆ పొడి మీ ఒంట్లోంచి పోయిన ఉప్పు. అది భర్తీ చేయకుండా లీటర్లకు లీటర్లు నీళ్ళు పోస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, మతి తప్పడం. వడదెబ్బేమోనని ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది మరీ చేటు. గంటకోసారి ఆకలి లేకపోయినా తినండి. చపాతీలో చుట్టిన ఆవకాయ, ఉప్పు వేరుశనగలు నాకు ఏ ఎనర్జీ బారు కన్నా బాగా పనిచేశాయి. వేసవిలో పది నుంచి నాలుగు దాకా నడక మానేసి నీడ చూసుకుని పడుకోండి. పగటి నిద్ర బద్ధకమని పెద్దలు తిట్టేది ఈ ఎడారికి వర్తించదు.

తేటగా ఉన్న ఆకాశాన్ని అనుమానించండి. 1997 ఆగస్టు 12న ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది యాత్రికులు వరదకు కొట్టుకుపోయారు. ఆ వాన పడింది వాళ్ళ నెత్తిన కాదు, మైళ్ళ అవతల ఎగువన. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే సందులో నీరొస్తే పక్కకు జరగడానికి చోటుండదు. అక్కడికి ఇప్పుడు నవాహో గైడు లేకుండా పోనివ్వరు. ఒక్కరే వెళ్ళాలన్న పట్టుదల ఆ పూటకి పక్కన పెట్టండి. గైడ్లు లేని జియాన్ నారోస్ లాంటి చోట్ల రేంజర్లు వరద ప్రమాదం ఉందంటే హోటల్లోనే ఉండిపోండి.

ఎవరూ నడవని చోట నడవాలన్న ఆశ కూడా వదులుకోండి. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్‌లో దారి పక్కన నల్లగా, గరుకుగా, పొక్కులు కట్టినట్టుండే నేల ప్రాణమున్న పొర. కంటికి కనపడని సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు ఇసుకను పట్టి ఉంచి గాలికి కొట్టుకుపోకుండా కాపాడతాయి. ఒక్క అడుగు పడితే చిట్లిపోతుంది, కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని తొక్కిన దారే తొక్కండి.

యూటాలోని ఐదు నేషనల్ పార్కులూ ఒకే లాంగ్ వీకెండ్‌లో చుట్టేసే మనవాళ్ళ పద్ధతి నాకు నచ్చదు. రెండు చాలు. అందులో ఒకటి అందరూ దాటేసిపోయే క్యాపిటల్ రీఫ్ అయితే మంచిది. మోర్మన్లు స్థిరపడిన ఫ్రూటాలో ఎర్ర కొండల కింద పళ్ళతోటలు ఇప్పటికీ కాస్తున్నాయి, కాపు రోజుల్లో మనమే కోసుకోవచ్చు. పెట్రోలు సగం ఉన్నా నింపుకోండి. ఐ-70 మీద గ్రీన్ రివర్ దాటితే సలైనా దాకా నూరు మైళ్ళకు పైగా బంకు లేదు.

ఇక ఒంటరి ప్రయాణాన్ని గుట్టుగా ఉంచకండి. 2003 ఏప్రిల్‌లో బ్లూజాన్ కాన్యన్‌లో బండరాయి కింద కుడిచేయి ఇరుక్కుని, ఐదు రోజులు ఎదురుచూసి, చివరికి ఆ చేతిని తనే కోసుకుని బయటపడ్డ ఆరన్ రాల్‌స్టన్ ఎటు వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. మన రెహమాన్ సంగీతమిచ్చిన ‘127 అవర్స్’ ఆయన కథే. ఏ ట్రెయిల్, కారు ఎక్కడ పెడతారు, ఎన్నింటికి బయటికొస్తారు, రాకపోతే ఏ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి అమెరికాలోనే ఉన్న ఒకరికి ఇవ్వండి. గుంటూరులో ఉన్న అమ్మకి చెప్తే ఆవిడకి దిగులే తప్ప చేయగలిగింది ఉండదు. టైము రాసేటప్పుడు ఏ గడియారమో కూడా రాయండి. వేసవిలో యూటా గంట ముందుకు జరుపుతుంది, ఆరిజోనా జరపదు, ఆరిజోనాలో ఉన్న నవాహో నేషన్ భాగం మాత్రం జరుపుతుంది. పేజ్ ఊరి చుట్టుపక్కల ఫోన్ అటూ ఇటూ గంట మారిపోతుంటుంది. కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ ఊరి టైమే వేయండి.